చేపలు కొరికిన దారం

మొన్నొక ఆదివారం మా మేనల్లుడు ప్రవీణ్ ఇంటికొచ్చి, సోఫాలో నా పక్కన కూర్చుని, ఫోను నా ముక్కు దగ్గర పెట్టాడు. "అత్తా, పోయిన ఏడాది మొత్తంల నా బెస్ట్ ఫిషింగ్ మెమరీస్ ఇవి, చూడు," అన్నాడు. చూశాను. చూడక తప్పుతుందా! ఒక బొమ్మలో రవ్వ చేప, ఇంకో బొమ్మలో బొచ్చె, మరో దాంట్లో నాకు పేరు తెలియని మీసాల చేప. అన్నింట్లోనూ చేప కంటే వీడి నల్ల కళ్ళద్దాలే పెద్దగా కనిపిస్తున్నాయి. చేతులకి తొడుగులు, నెత్తిన టోపీ, ఒంటి మీద ఇరవై జేబుల చొక్కా. "బాగనే పట్టినవ్ రా. పులుసు పెట్టిండ్రా, వేయించిండ్రా?" అని అడిగాను. వాడు నన్ను చూసిన చూపులో ఎంత జాలి ఉందో చెప్పలేను. పట్టిన చేపకి ఫోటో తీసి, ఒళ్ళు నిమిరి, మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తారట. తెల్లారకముందే లేచి, కారు వేసుకుని, ఊరు దాటి అంత దూరం పోయి, చేపని పలకరించి వస్తున్నాడన్నమాట నా మేనల్లుడు! మా అమ్మ బతికి ఉంటే వాడి చేతికి కత్తిపీట ఇచ్చి, ఆ మెమరీస్‌ని కడిగి ముక్కలు చెయ్యమనేది.

"నీకేమన్న ఉన్నయా అత్తా ఇట్లాంటివి?" అన్నాడు ఫోను జేబులో పెట్టుకుంటూ. ఊరికే మర్యాదకి అడిగాడు, నాకు తెలుసు. ఈ వయసు ఆడమనిషికి చేపల కూర జ్ఞాపకాలు ఉంటాయి గానీ చేపలు పట్టిన జ్ఞాపకాలు ఎందుకుంటాయని వాడి ధీమా. ఉన్నాయిరా నాయనా, కావలసినన్ని ఉన్నాయి. నావీ ఒక్క ఏడాదివే. కాకపోతే ఆ ఏడాది పోయి నలభై ఏళ్ళవుతోంది. ఇంటర్ చదువుతూ, రెండు జడలు వేసుకుని, మా బాపు మీద నేను పోలీసు డ్యూటీ చేసిన ఏడాది అది. వాడు టీ తాగి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ పూటంతా ఆ చెరువు గట్టునే ఉండిపోయాను.

మా బాపు టైలరు. పుట్టింది సిరిసిల్లలో, మగ్గాల ఇంట్లో. మగ్గం మీద ఇల్లు నడవక, అమ్మని, చంకలో నన్ను తీసుకుని పట్నం వచ్చి, అమీర్‌పేటలో ఒక సన్న గల్లీలో మిషను పెట్టుకున్నాడు. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు, మధ్యలో అమ్మ పాత చీరతో కుట్టిన పరదా. పరదాకి అవతల బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద తడిగుడ్డ నుంచి లేచే ఆవిరి, మిషను నూనె, కొత్త బట్ట గంజి వాసన. ఇవతల పోపు, ఎల్లిపాయ కారం. రెండూ కలిసి మా జుట్టుకీ, నా పుస్తకాలకీ పట్టేవి. క్లాసులో నా పక్కన కూర్చునే పిల్ల నా నోట్సు వాసన చూసి, ఆ పొద్దున మా ఇంట్లో ఏం వండారో చెప్పేసేది. అప్పుడు మా గల్లీలో ఇప్పటిలా కోచింగు బోర్డులూ లేవు, హాస్టళ్ళూ లేవు. సాయంత్రమైతే సనత్‌నగర్ ఫ్యాక్టరీల నుంచి సైకిళ్ళు బారులు తీరి వచ్చేవి. ఆ సైకిళ్ళ మీది వాళ్ళే మా గిరాకీ. ఇంట్లో ఖాళీ చేతులంటే అమ్మకి గిట్టదు. కూర్చున్న పిల్ల ఒళ్ళో ఒక చొక్కా వచ్చి పడేది, దానికి కాజాలు కుట్టాలి. కాలేజీ నుంచి రాగానే కాజాలు, తిని చెయ్యి కడగ్గానే కాజాలు, చుట్టాలొచ్చి పెళ్ళి సంగతులు మాట్లాడుకుంటుంటే వాళ్ళ ఎదుట తలొంచుకుని కాజాలు. ఇప్పటికీ ఎవరి చొక్కా చూసినా ముందు ముఖం కాదు, గుండీ రంధ్రం చూస్తాను.

గిరాకీలో ఒకడిగా వచ్చి మా ఇంటి మనిషైపోయినవాడు ఖాదర్ చిచ్చా. గల్లీ చివరి ఇల్లు. సనత్‌నగర్‌లో లేత్ మిషను మీద పని. పొడుగాటి మనిషి, తక్కువ మాట. ఆయన వస్తున్నాడంటే అత్తరూ, ఇనుప రజనూ కలిసిన వాసన ముందే వచ్చేది. ఒకసారి ప్యాంటుకి కొలతలు ఇస్తూ, "మాస్టర్, వారమంత మిషన్ తొక్కి తొక్కి నీ మోకాళ్ళు సుత మిషన్ తీర్గ చప్పుడు చేస్తున్నయ్. ఆదివారం నాతోని చేపలకు రా. జర హవా తగుల్తది," అన్నాడు. బాపు వెళ్ళాడు. అంతే, మనిషి మా చెయ్యి దాటిపోయాడు. మర్నాడే వెదురు కర్ర వచ్చింది, నైలాన్ దారం వచ్చింది, నీళ్ళ మీద తేలడానికి నెమలి ఈక కాడతో చేసిన బెండు వచ్చింది. గోధుమపిండిలో తెలగపిండి, సోంపు కలిపి ఎర తయారుచేసేవాడు. అమ్మ పోపుల డబ్బాలో సోంపు మాయమవడం అలా మొదలైంది. ఆరు ఆదివారాలు పోయాడు. ఆరు ఆదివారాలూ పొద్దుగూకాక, ఎండకి కమిలిన ముఖంతో, ఖాళీ సంచితో, వెలిగిపోతూ వచ్చాడు.

ఆ వెలగడమే అమ్మకి నచ్చలేదు. చేప దొరకని మనిషికి అంత ఆనందం ఎందుకు? ఆమె లెక్కలో పట్నంలో మగవాడు ఆదివారం ఆనందంగా ఇంటికొచ్చాడంటే కల్లు కాంపౌండు మీదుగా వచ్చినట్టే. ఒకరోజు నన్ను పరదా వెనక్కి పిలిచింది. "పొద్దుగాల పోయినోడు పొద్దుగూకంగ వస్తుండు. సంచిల ఒక్క పొలుసు లేదు. చేపలకు పోతుండో, ఇంకేడికి పోతుండో నాకు తెల్వాలె. ఇగ నువ్వు సుత ఎంబడి పో," అంది. బాపు గోల పెట్టాడు. "ఆడివిల్ల చెరువుకాడికెందుకే?" అన్నాడు. "తండ్రి ఎంబడే కదా పోయేది. ఆడ చేపలే ఉన్నయంటవు కదా, చేపలు బిడ్డెను ఏమంటయ్?" అంది అమ్మ. అలా నేను పోలీసునయ్యాను.

మొదటి ఆదివారం ఏడుస్తూ పోయాను, నిజం చెప్పొద్దూ. సైకిలు వెనక సీటు మీద, ఒళ్ళో జొన్నరొట్టెల మూట, చేతిలో వెదురు కర్ర. యూసుఫ్‌గూడ అవతల అప్పుడొక చెరువు ఉండేది. గట్టు మీద తుమ్మచెట్లు, నీళ్ళలో బర్రెలు, ఒక పక్కన బట్టలుతికే బండలు. పెద్ద అందమేం కాదు, గాలి తిరిగితే ముక్కు మూసుకోవాలి కూడా. బాపూ, ఖాదర్ చిచ్చా చెరో రాయి మీద కూర్చుని దారాలు వేశారు. నేను తుమ్మచెట్టు నీడలో కూర్చున్నాను. ఒక గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. అప్పుడు చూసుకున్నాను నా చేతులు. రెండూ ఒళ్ళో ఖాళీగా పడి ఉన్నాయి! ఎవరూ వాటిలో చొక్కా పెట్టలేదు. ఓణీ సర్దుకోమనలేదు, గట్టిగా నవ్వొద్దనలేదు, కాళ్ళు ముడుచుకోమనలేదు. వాళ్ళిద్దరూ నీళ్ళకేసి చూస్తున్నారు, నేనూ నీళ్ళకేసి చూస్తున్నాను. పదిహేడేళ్ళ నా బతుకులో అలా ఊరికే కూర్చోవడం అదే మొదటిసారి. ఇంటికొచ్చాక అమ్మ గుచ్చి గుచ్చి అడిగింది. "చేపలకే పోతుండు అమ్మా. కానీ ఇంకొన్ని వారాలు చూస్తే మంచిది," అన్నాను. ఎంత దొంగనో చూడండి. ఆ ఇంకొన్ని వారాలు ఆరేడు నెలలు సాగాయి.

ఇక మా బాపు వేట సంగతి. చేపలు ఎర ముట్టడం లేదని కాదు, బాగానే ముట్టేవి. బెండు ఒక్కసారి మునిగేది, బాపు "వచ్చె!" అని కర్ర ఎత్తేవాడు, కర్ర వంగేది, నీళ్ళు అల్లకల్లోలమయ్యేవి. మేం ముగ్గురం లేచి నిలబడేవాళ్ళం. అంతలో కర్ర టపీమని నిటారుగా అయ్యేది. దారం తేలిగ్గా గాలిలోకి వచ్చేది. కొసకి చేపా లేదు, కొక్కెమూ లేదు. "కొరికింది! దారం కొరికేసింది లంగ చేప!" అనేవాడు బాపు. తరువాత మెడలోంచి టేపు తీసేవాడు. చెరువు దగ్గర కూడా ఆయన మెడలో టేపు ఉండేది, అది లేకపోతే చొక్కా లేనట్టే ఆయనకి. పోయిన చేపకి గాలిలో కొలతలు తీసేవాడు. "పొడుగు ముప్పై రెండు. ఛాతీ పద్దెనిమిదిన్నర. తోక కాడ ఆరు." సోమవారం దుకాణానికొచ్చిన ప్రతి గిరాకీకీ ఆ కొలతలు చెప్పేవాడు. పోయిన వారం చేప కంటే ఈ వారం చేప ఎప్పుడూ రెండు అంగుళాలు పొడుగు. గల్లీలో కుర్రాళ్ళు ఊరుకుంటారా? "మాస్టర్, కాలర్ సుత కొల్చినవా? ట్రయల్‌కు ఎప్పుడొస్తనన్నది?" అనేవాళ్ళు. బాపు నవ్వేవాడు గానీ, ఇస్త్రీపెట్టె కొంచెం గట్టిగా తాటించేవాడు.

అసలు తప్పెక్కడుందో ఖాదర్ చిచ్చాకి మొదటి వారమే తెలుసు. తప్పు ముడిలో ఉంది. బాపు మగ్గం వదిలాడు గానీ మగ్గం ముడిని వదల్లేదు. నేసేటప్పుడు పోగు తెగితే రెండు కొసలూ కలిపి వేళ్ళ మధ్య ఒక్క తిప్పు తిప్పి అతికే ముడి ఉంటుంది. ఆవగింజ కంటే చిన్నది, చెయ్యి పెట్టి తడిమినా తగలదు. కన్ను మూసి తెరిచే లోపల వేసేవాడు బాపు. కొక్కేనికీ ఆ ముడే వేసి, మిగిలిన కొస కత్తెరతో తుంచి, ఎండకి పట్టి మురిసిపోయేవాడు. ఖాదర్ చిచ్చా ఎవరినీ ముఖం మీద తప్పు పట్టే మనిషి కాడు. అదొక తహజీబు, మర్యాద ఆయనకి. రెండు మూడు సార్లు చుట్టూ తిరిగి వచ్చి, "మాస్టర్, జర గీ ముడి ఇంకో తీర్గ కట్టి చూద్దమా?" అన్నాడు. బాపు ముఖం ఎర్రబడింది. "ముడి గురించి నాకు చెప్తున్నవా ఖాదర్ భాయ్? ఏడు తరాల సాలోళ్ళం. నేను పోగు అతికిన్నంటే బ్రహ్మదేవుడు సుత ఏడ అతికిన్నో పట్టలేడు!" అన్నాడు. "సహీ బాత్ మాస్టర్," అని ఖాదర్ చిచ్చా ఫ్లాస్కు మూత తీసి టీ పోశాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఎండాకాలం ముదిరింది. కొక్కేల మీద కొక్కేలు చేపల నోళ్ళలో పడి పోతున్నాయి. ఒకరోజు దుకాణంలో ఎవరో మిరుగం మాట ఎత్తారు. మృగశిర కార్తె మొదటి రోజుని మా వైపు మిరుగం అంటారు. ఆ రోజు చేప తినని ఇల్లుండదు. వానాకాలం జబ్బులు రావని నమ్మకం. బాపు నోరు ఊరుకుంటుందా? పదిమందిలో, "ఈసారి మిరుగానికి బజారు చేప మా ఇంటికి రాదు. నా చేత్తోని పట్టిన చేపనే పొయ్యెక్కుతది," అనేశాడు. పరదా వెనక గిన్నెలు కడుగుతున్న అమ్మ చెయ్యి ఆగింది. జనం వెళ్ళాక పరదా పక్కకి జరిపి వచ్చింది. "పదిమందిల అన్నవ్ కదా. మంచిదాయె. మిరుగం నాడు చేప తెస్తివా, ఇగ జన్మంత చెరువుకు పో, నేను అడ్డం రాను. తేకపోతివా, ఆ కట్టె పొయ్యిల పెడ్త. నువ్వు ఆదివారం ఇంట్ల కూసుంటవు, బిడ్డె సుత కాజాలు కుట్టుకుంట ఇంట్లనే ఉంటది," అంది. బాపు మీసం తిప్పాడు. మీసం ఆయనది, ఆదివారాలు నావి.

మర్నాడు కాలేజీ నుంచి వస్తూ ఖాదర్ చిచ్చా ఇంటి ముందు ఆగాను. ఆయన అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకునే వేపపుల్లలు చెక్కుకుంటున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పుల్లలూ, చాకూ పక్కన పెట్టాడు. తరువాత లోపలికి వెళ్ళి డబ్బాలోంచి ఒక దారం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. మొన్న బాపు తన దారం నుంచి కోసి పారేసిన కొస అది. "చూడు బేటీ. చేప కొరికితే కొస మొండిగ ఉంటది. గిది చూడు, మేకపిల్ల తోక తీర్గ వంకర తిరిగింది. గిది కొరికింది కాదు, ముడి జారింది. మీ బాపు ముడి తప్పు కాదు. నూలు మీద అంత మంచి ముడి లేదు. నూలుకు నూగుంటది, ఒకదాన్నొకటి పట్టుకుంటది. నైలాన్ బేవఫా, దేన్నీ పట్టుకోని ఉండదు. దాన్ని మెలేసి, తడిపి, బిగించాలె," అన్నాడు. అంటూ బావి బకెట్టు చేంతాడు తెచ్చి, బకెట్టు చెవికి ముడి వెయ్యడం నేర్పాడు. దారం చెవిలోంచి దూర్చి, దాని చుట్టూ దానినే ఐదుసార్లు మెలిపెట్టి, కొసని మొదటి సందులోంచి వెనక్కి తీసి, ఉమ్మితో తడిపి గుంజాలి. వారం రోజులు చేంతాడు మీదా, బూటు లేసు మీదా, నా జడ రిబ్బను మీదా అదే ముడి వేశాను. "మీరే బాపుకు చెప్పొచ్చు కదా చిచ్చా," అన్నాను ఒకసారి. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నక్కో బేటీ. నా లేత్ మిషన్ కాడికొచ్చి ఎవడన్న నాకు పని నేర్పితే నేను రెండు రోజులు అన్నం తినను. మాస్టర్ సుత గంతే," అన్నాడు.

ఆ ఏడు మిరుగం ఆదివారమే వచ్చింది. మేం బయల్దేరుతుంటే అమ్మ చింతపండు నానబెట్టి, మసాలా నూరడానికి రోలు కడిగి, కత్తిపీట గుమ్మంలో పెట్టి కూర్చుంది. "చేప వస్తే పులుసు, రాకపోతే గీ చింతపండు రసమే మీకు మిరుగం," అంది. బాపు కర్ర నా చేతికిచ్చి సైకిలెక్కాడు. ఆకాశం నిండా మొగులు పట్టి ఉంది. చెరువు దగ్గర గాలి లేదు, నీళ్ళు కదలడం లేదు. బాపు తన ముడి వేశాడు, వెలుతురుకి పట్టి చూశాడు, కర్ర నేల మీద పెట్టి ఎర ముద్ద కలుపుకుంటున్నాడు. ఖాదర్ చిచ్చా అవతలి తుమ్మచెట్టు దగ్గర నుంచి కేకేశాడు. "మాస్టర్! జర ఇటు రా, గీడ బుడగలొస్తున్నయ్ చూడు." బాపు లేచి వెళ్ళాడు. వెళ్తుంటే ఆయన భుజం మీంచి ఖాదర్ చిచ్చా నన్ను ఒక్క చూపు చూశాడు.

నేను కర్ర దగ్గరికి జరిగాను. మా బాపు ముడి అంటే నాకూ గొప్పే మరి. చిన్నప్పుడు నా గౌను తాళ్ళు తెగితే ఆ ముడితోనే అతికేవాడు. దాన్ని ఇప్పుడు నేను పళ్ళ మధ్య పెట్టుకుని కొరికాను. ఇన్ని నెలల్లో ఆ దారాన్ని నిజంగా కొరికింది నేనొక్కదాన్నే. మెలిపెట్టాను, లెక్క తప్పి మళ్ళీ విప్పాను, మళ్ళీ మెలిపెట్టాను. తడిపి గుంజాను. కొస తుంచేసరికి బాపు వస్తున్నాడు. "ఏమున్నది ఆడ, బుడగా లేదు, బొంగా లేదు. ఖాదర్ భాయ్‌కి చత్వారం వచ్చినట్టున్నది," అంటూ కూర్చుని, ఎర గుచ్చి దారం విసిరాడు.

పన్నెండు దాటింది. ఒంటిగంట దాటింది. చినుకులు మొదలయ్యాయి. అప్పుడు బెండు కొద్దిగా పక్కకి నడిచి, నెమ్మదిగా మునిగింది. బాపు కర్ర ఎత్తాడు. కర్ర విల్లులా వంగింది. నేను కళ్ళు మూసుకున్నాను. టపీమన్న చప్పుడు కోసం చూస్తున్నాను. రాలేదు. కళ్ళు తెరిచేసరికి బాపు మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉన్నాడు, టేపు తడిసి మెడకి చుట్టుకుంది, "ఖాదర్ భాయ్! ఖాదర్ భాయ్!" అని అరుస్తున్నాడు. ఖాదర్ చిచ్చా లుంగీ ఎగ్గట్టి దిగి రెండు చేతులా చేపని గట్టు మీదికి తోశాడు. రవ్వ చేప. ఎర్రటి రెక్కలు, నా ముంజేయి కంటే పొడుగు. బాపు టేపు తీసి కొలిచాడు. పొడుగు ఇరవై ఒకటి. జీవితంలో మొదటిసారి నిజమైన కొలత. ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఇంటికి వచ్చిన తీరు చెప్పకపోతే పాపం తగుల్తుంది. చేపని సైకిలు హ్యాండిలుకి వేలాడదీశాడు. కొక్కెం నోట్లోంచి తియ్యనివ్వలేదు, నలుగురూ చూడాలని జానెడు దారంతో సహా ఉంచి కోశాడు. అమీర్‌పేటలో మా గల్లీ మొగదలకి వచ్చాం. సైకిలు తిరగలేదు. "బాపూ, మన గల్లీ," అన్నాను. "తెల్సు తియ్," అన్నాడు. నేరుగా పంజాగుట్ట చౌరస్తా దాకా తొక్కాడు. అక్కడ ఎవరికీ ఈయన తెలీదు, అయినా ఇరానీ హోటలు ముందు ఆగి, చెమట తుడుచుకుంటున్నట్టు నిలబడ్డాడు. ఒకాయన అడిగాడు, "ఏడ పట్టినవన్నా?" అంతే చాలు. చేప కథ, నీళ్ళ కథ, ముడి కథ. "అంత ముడిలనే ఉన్నది అన్నా. మాది నేతోళ్ళ ముడి, గిది చూడు," అంటూ వంగి, కొక్కెం పట్టుకుని చూపించబోయాడు. వంగినవాడు వంగినట్టే కొంచెంసేపు ఉన్నాడు. తరువాత బొటనవేలు ఆ ముడి మీద పెట్టి, "తూకం రెండు కిలోల పైనే ఉంటది," అన్నాడు. వచ్చేటప్పుడు దారి పొడుగునా ఎక్కడా ఆగలేదు. వాన పెరిగిందని అనుకున్నాను.

చేప కడిగింది అమ్మ. కొక్కెం ఊడదీస్తూ ఆమె కూడా ఆగింది. పుట్టింట్లో పదేళ్ళ వయసు నుంచి నూలు కండెలు చుట్టిన చెయ్యి అది, ఏ ముడి ఎవరిదో చీకట్లో చెప్పగలదు. పరదా వైపు చూసింది, అవతల బాపు గల్లీ వాళ్ళకి కథ చెబుతున్నాడు. నా వైపు చూసింది. "ఎవలు నేర్పిండ్రు?" అంది మెల్లగా. "ఖాదర్ చిచ్చా," అన్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరెగిరిపడేట్టు నవ్వింది. కొక్కేన్ని బూడిదలో పడేసింది. ఆ పులుసు రుచి ఇప్పుడు నేనెంత పెట్టినా రాదు. ఖాదర్ చిచ్చా ఇంటికి గిన్నె నిండా నేనే తీసుకుపోయాను. అన్నం దగ్గర బాపు గొంతు సవరించుకున్నాడు. "చేప పట్టిన్నా లేదా? నేను చేపలకే పోతున్ననని రుజువైందా లేదా? ఇగ నాకు కావలి ఎందుకు? బిడ్డె ఇంట్ల ఉండి చదువుకుంటది," అన్నాడు.

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది నాకు. అమ్మ నన్ను చూసింది, నేను అమ్మని చూశాను. ఏమనాలి? నేను లేకపోతే నీకు చేప పడదు బాపూ అనాలంటే ముడి సంగతి చెప్పాలి. ముడి సంగతి చెబితే ఆ పూట ఆయన ముఖంలో ఉన్నదంతా పోతుంది. ఇద్దరం తలొంచుకుని పులుసు కలుపుకున్నాం. ఆదివారాలు కాపాడుకోవడానికి నేను చేసిన పనికి ఆదివారాలే పోయాయి. మూడు వారాలు ఆయన ఒక్కడే పోయాడు, నేను ఇంట్లో కాజాలు కుట్టాను, ఒక్కో కాజాలో నా కోపమంతా కుట్టాను. మూడు వారాలూ ఖాళీ సంచే వచ్చింది. బాపు టేపు తీసి కొలతలు చెప్పడం మానేశాడు.

ఇప్పుడు ఆ చెరువు లేదు, పార్కు అయింది. మొన్న ప్రవీణ్ వెళ్ళాక ఒకరోజు ఆటోలో వెళ్ళి చూసి వచ్చాను. నడిచేవాళ్ళ కోసం బాట వేశారు, బాట పక్కన బెంచీలు. ఒక బెంచీ మీద అరగంట కూర్చున్నాను. చుట్టూ అందరి చేతుల్లో ఫోన్లు. నా చేతులు మాత్రం ఖాళీగా ఉన్నాయి, కానీ ఇప్పుడు అందులో గొప్పేముంది, నాకు పని చెప్పేవాళ్ళే లేరు. బాపు పోయాడు, అమ్మ పోయింది, ఖాదర్ చిచ్చా వాళ్ళిద్దరి కంటే ముందే పోయాడు. మా మేనల్లుడి కంపెనీ కొక్కేలకి ముడి వేసే వస్తాయట, ఎవరికీ ఎవరి ముడీ తెలియనక్కర్లేదు. సుఖమే. నేను కాదనను. వాడిలా చేపని వదిలేసే మనసు మాకు అప్పుడు లేదు, ఆ మాట కూడా ఒప్పుకుంటాను.

ఆ ఏడు, ఖాళీ సంచుల మూడు వారాలూ అయ్యాక, నాలుగో ఆదివారం పొద్దున్నే బాపు సైకిలు బయట పెట్టాడు. గుమ్మంలో నిలబడి, లోపలికి చూడకుండా, "బిడ్డా, నడువు," అన్నాడు. అమ్మ ఎందుకని అడగలేదు. రొట్టెలు అప్పటికే ఇద్దరికి సరిపడా కట్టి ఉంచింది. చెరువు దగ్గర ఖాదర్ చిచ్చా ముందే వచ్చి కూర్చున్నాడు, నన్ను చూసి సలాం అన్నట్టు తలూపి, తన బెండు వైపు తిరిగిపోయాడు. బాపు డబ్బా తెరిచి కొత్త కొక్కెం తీశాడు. చీమ కన్నంత ఉంటుంది దాని రంధ్రం, ఒక్క తడవకే దారం ఎక్కించాడు. ఎక్కించి, రెండు కొసలూ వేళ్ళ మధ్య పెట్టుకుని, తన ముడి సగం తిప్పి విప్పేశాడు. తరువాత ముఖం నీళ్ళ వైపే పెట్టి, చెయ్యి మాత్రం నా వైపు చాపాడు.

"జర నువ్వు కట్టు బిడ్డా. నాకు కండ్లు మసకగొడ్తున్నయ్," అన్నాడు.

ఆయనకి అప్పటికి నలభై కూడా నిండలేదు. కొక్కెం తీసుకుని, ఐదుసార్లు మెలిపెట్టి, తడిపి, బిగించి ఇచ్చాను. ఆయన ఈసారి బొటనవేలు అడ్డం పెట్టకుండా ఆ ముడిని ఎండకి పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, పనివాడు పనివాడి పనిని చూసినట్టు చూశాడు. రెండుసార్లు గుంజాడు.

"గట్టిగనే ఉన్నది," అన్నాడు. "వచ్చే ఆదివారం సుత నువ్వే కట్టాలె."